మే నెల వరద దారిలో: కొత్తపట్నం నుంచి పడుగుపాడు దాకా

ఒంగోలులో కొత్తపట్నం బస్సు ఎక్కేసరికే ఎండ మండిపోతోంది. పోతురాజు కాలువలో అడుగున నల్లటి మురుగు, దాని మీద గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు తప్ప పారే నీరు లేదు. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఒంగోలు నీట మునిగింది. ఊళ్లో పడ్డ వాన బయటికి పోవాల్సిన ముఖ్యమైన దారి ఈ కాలువే. ఇది ఎండిపోయి ఉన్న ఏప్రిల్, మే నెలల్లోనే పూడిక తీయించాలి. కానీ ఎండిన కాలువను చూసి వరద గుర్తు చేసుకునేవాళ్లు తక్కువ.

మనవైపు తుపాను అంటే అక్టోబరు, నవంబరు, డిసెంబరు. అప్పటికి చెరువులు నిండి ఉంటాయి, వాగులు పారుతుంటాయి, జనం కూడా ఒక కన్ను ఆకాశం మీద వేసే ఉంచుతారు. మే నెల వరద సంగతి వేరు. ఉప్పు కొటార్లలో (ఉప్పు పండించే మడుల్లో) రాశులు పోసి ఉంటాయి, పొగాకు బేళ్లు వేలం కోసం ఇళ్లలో ఉంటాయి, ఉలవపాడు మామిడి చెట్టు మీదే ఉంటుంది. ఏడాది కష్టమంతా ఆరుబయట ఉన్న నెల అది. అన్నిటికీ మించి, నీరు సముద్రంలో కలిసే మొగలు ఇసుకతో పూడి ఉంటాయి. ఈ ప్రయాణంలో నేను ముఖ్యంగా చూడాలనుకున్నది ఆ మొగలనే.

కొత్తపట్నం ఒడ్డున పడవలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవ నీళ్లలో లేదు కాబట్టి భద్రంగా ఉందనుకుంటాం. నిజానికి ఉప్పెన అల ముందుగా లాక్కుపోయేది ఒడ్డున వదిలేసిన పడవనే. వాతావరణ శాఖ 48 గంటల ముందు ఇచ్చే తుపాను అలర్ట్ రాగానే ఇంజన్లు విప్పి ఇళ్లకు మోసుకుపోతారు. పడవలను ఇసుక దిబ్బ వెనక్కి, సర్వి (సరుగుడు) తోటల దాకా లాగుతారు. ఒక్కొక్క పడవను విడిగా కట్టరు. నాలుగైదింటిని పక్కపక్కన చేర్చి మోకులతో బిగించి, ముక్కు సముద్రం వైపు ఉండేట్టు పెడతారు. ఒంటరి పడవ గాలికి తిరగబడుతుంది, గుంపు నిలబడుతుంది. పట్టపు పాలేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్లలో, కాపులు (కులపెద్దలు) దురాయి (ఊరి కట్టుబాటు) వేశారంటే ఆ తర్వాత ఎవరూ సముద్రం ముఖం చూడరు. పోలీసు మైకు కంటే ఆ మాటకే విలువ ఎక్కువ. తుపాను రక్షణ భవనానికి ముందుగా ముసలివాళ్లను, గర్భిణులను పంపే పని కూడా వాళ్లే చూసుకుంటారు.

అక్కడినుంచి దక్షిణంగా తీరం పట్టుకుని దిగాను. ముసి, పాలేరు, మన్నేరు మూడూ హైవే కింద దాటి సముద్రం వైపు వస్తాయి. వేసవిలో పారకం ఉండదు కాబట్టి అలలు ఇసుకను మొగలోకి నెట్టి అడ్డకట్ట వేసేస్తాయి. పడమటి మండలాల్లో ఒక్కసారిగా కుంభవృష్టి పడితే ఆ నీరు ఈ కట్ట దగ్గర ఆగి, బకింగ్‌హామ్ కాలువ పొడవునా వెనక్కి ఎగదన్ని పొలాల్లో, పాలేల్లో పరుచుకుంటుంది. గాలి పోయిన మర్నాడు నీరు పెరిగిందని జనం ఆశ్చర్యపోవడం ఇందువల్లే.

మొగ కొట్టడం ఎలాగో ఒక పెద్దాయన ఇసుకలో వేలితో గీసి చూపించాడు. కట్ట ఎక్కడ సన్నగా ఉందో చూసి, సముద్రం వైపు నుంచి ఏటి వైపుకు మీటరు వెడల్పున, నడుము లోతున కాలువ తవ్వుకు రావాలి. ఏటి పక్క రెండు బారల మట్టి మాత్రం వదలాలి. పోటు తీసి ఆటు మొదలయ్యాక ఆ మట్టిని తెంచాలి. "పోటులో తెంచావంటే, నాయనా, అల తిరిగి ఇసకేసి పూడ్చేస్తది. ఏట్లో నీళ్లు ఎత్తు కాకముందే తెంచినా అంతే, సాయంత్రానికి మూసుకుంటది" అన్నాడు. ఏటి నీరు సముద్రం కంటే ఎత్తుగా ఉంటే ఆ చిన్న కాలువను నీరే కోసుకుంటూ గంటల్లో వెడల్పు చేసుకుంటుంది. ప్రమాదం ఉన్నదీ అక్కడే. తెంచేవాడు కాలువలో నిలబడకూడదు, అంచు మీద కూడా నిలబడకూడదు. కింద ఇసుక కరిగి అంచు కూలుతుంది. నడుముకు తాడు కట్టుకుని, ఆ కొసను వెనక ఇద్దరికి పట్టించి దిగాలి. ఇప్పుడు ఈ పనికి జేసీబీ తెస్తున్నారు. కాకపోతే వాన మొదలయ్యాక తడి ఇసుకలో అది దిగబడుతుంది, కాబట్టి బండి ముందే వచ్చి ఉండాలి.

బింగినపల్లి ఉప్పు కొటార్ల దగ్గర నీటిలో ఉప్పు చిక్కదనం కొలిచే బామే మీటరు ముంచి చూపించారు. సముద్రపు నీరు 3 డిగ్రీల దగ్గర ఉంటే, ఉప్పు కట్టే నీరు 25 దగ్గర ఉంటుంది. ఆ మధ్య తేడా అంతా వారాల ఎండ. వాన నీరు తేలిక కాబట్టి కాసేపు చిక్కటి నీటి పైనే తేలుతుంది. గాలి కలిపేలోపు మడవ పైఅంచు మాత్రమే తీసి పై నీటిని వదిలేస్తే అడుగున ఉన్నది దక్కుతుంది. ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి, అదీ మెత్తబడ్డ మడిని తొక్కి గట్టిచేశాక. రాశులకు తాటాకు కప్పేటప్పుడు కింది వరస ముందు, పై వరస తర్వాత. టార్పాలిన్ వేసినవాళ్లు దాని మీద పాత వల పరిచి, ఇసుక మూటలు వేలాడదీస్తారు. వల లేని పట్టా గాలికి ఉబ్బి చిరిగిపోతుంది.

పక్కనే రొయ్యల చెరువులు. సూత్రం అదే, పై నీరు వదలాలి, కాబట్టి తూము పై చెక్కలు తీస్తారు. గట్టు మట్టిని కడుక్కుంటూ దిగే వాన నీటికి చెరువు నీరు ఆమ్లంగా మారి పీహెచ్ పడిపోకుండా ముందే గట్ల మీద సున్నం చల్లుతారు. వాన పడుతున్నంతసేపూ మేత ఆపేస్తారు. కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి. 25 కేవీఏ జనరేటరు గంటకు నాలుగైదు లీటర్ల డీజిల్ తాగుతుంది, మూడు రోజులకు 300 లీటర్లు దాటుతుంది. తుపాను వెళ్లాక బంకులకూ కరెంటు ఉండదు. వాన వెలిశాక నాచు చచ్చి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే గంటల్లోనే ఎక్కువ రొయ్య పోతుంది. ఒక మాట మాత్రం చెప్పక తప్పదు. వాగు పోరంబోకులోకి జరిపి కట్టిన చెరువు గట్లే చాలాచోట్ల నీటికి అడ్డం పడుతున్నాయి. వాటిని తీయకుండా మొగ ఎంత కొట్టినా పై ఊళ్లకు ఊరట ఉండదు.

టంగుటూరు పొగాకు రైతు బేళ్లను నేల మీద పెట్టడు. అడుగు ఎత్తు చెక్కల మీద, గోడకు జానెడు దూరంగా పేరుస్తాడు. తడిసిన బేలును మిగతావాటితో కలిపితే లోపల వేడెక్కి వరసంతా బూజు పడుతుంది.

కావలి మీదుగా రైల్లో, నెల్లూరుకు ముందు కోవూరు పక్కనున్న పడుగుపాడు చేరాను. 2021 నవంబరు 19న కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం మట్టికట్ట తెగింది. ఆ నీరు పెన్నలో పడి సోమశిల దాటి వచ్చింది. ఇక్కడ రైలు కట్ట కోసుకుపోయి విజయవాడ-చెన్నై దారి తెగింది, హైవే కూడా తెగింది. అది నిండు జలాశయాల వరద. సోమశిల 78 టీఎంసీలు పడుతుంది. మేలో సాధారణంగా చాలా భాగం ఖాళీగా ఉంటుంది కాబట్టి పైనుంచి వచ్చేది అక్కడ ఆగుతుంది. వేసవిలో కోవూరు వైపు భయం పెన్నతో కాదు, స్థానికంగా పడ్డ వాన ఎడగారు (వేసవిలో వేసే వరి) నారుమళ్లలో నిలిచిపోవడంతో. పంట కాలువల మురుగు తూములు ఎండాకాలంలోనే తెరిచి చూసుకోవాలి, తుప్పు పట్టిన షట్టరు వరదలో లేవదు.

వరద తీశాక రెండో రోజుకే ఎండ తిరిగి వస్తుంది, కరెంటు మాత్రం రాదు. ఉక్కపోతలో జనం ఏ నీరు దొరికితే ఆ నీరు తాగేస్తారు. మునిగిన బావిని ముందు తోడి పారబోయాలి. ఊరిన నీటికి 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు లెక్క. బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రమే బావిలో వదిలి, గంట ఆగి తోడుకోవాలి. ఇళ్లలో అరగ్రాము క్లోరిన్ బిళ్ల 20 లీటర్లకు సరిపోతుంది. ఇక్కడ మే నెల చేసే మోసం ఒకటుంది. పంచాయతీ రేకుల గదిలో వేడికి ఉన్న పౌడరు బలం పోగొట్టుకుంటుంది, మూట నిండుగానే కనిపిస్తుంది. మూట విప్పితే ఘాటు ముక్కుకు తగలకపోయినా, పొడి గడ్డలు కట్టి ఉన్నా దాన్ని నమ్మకుండా కొత్తది తెప్పించాలి. అందుకు ఫోను జిల్లా కంట్రోల్ రూముకు 1077, రాష్ట్రానికి 1070.