మారతహళ్ళి మలుపులో ఒక శనివారం

బెంగళూరు మాకు పరాయి ఊరు కాదు. హిందూపురంలో మధ్యాహ్నం రైలెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం దాటుకుని సాయంత్రానికి యలహంకలో దిగిపోతాం. పెద్దాస్పత్రికైనా, పెళ్ళి బట్టలకైనా, పిల్లల ఉద్యోగాలకైనా మా వైపు వాళ్ళకి అదే దారి. నేనూ లెక్కలేనన్నిసార్లు వెళ్ళొచ్చాను. పోయిన ఫిబ్రవరిలో మాత్రం చెత్త ఎత్తడానికని వెళ్ళాను.

మా తమ్ముడు మారతహళ్ళిలో ఉంటాడు. వాళ్ళ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఏళ్ళ తరబడి పేరుకుపోయిన చెత్తకుప్ప ఒకటుంది. దాన్ని శనివారం పొద్దున అందరూ కలిసి బాగుచేసుకుంటున్నారనీ, వీలైతే రమ్మనీ ఫోన్ చేశాడు. వాడు నన్నే పిలవడానికి కారణముంది. మా బడి గోడ బయట కూడా ఇలాంటి కుప్పే ఒకటి ఉంది. పిల్లలతో కలిసి నాలుగుసార్లు ఎత్తించాను. ప్రతిసారీ వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది. నాలుగోసారి ఆరో తరగతి పిల్ల ఒకతి "మళ్ళీ వేస్తారు కదా సార్, ఎందుకు ఎత్తడం?" అని అడిగింది. ఆ పిల్లకి నేను జవాబు చెప్పలేకపోయాను.

శుక్రవారం యలహంకలో దిగి, హెబ్బాళ మీదుగా రింగురోడ్డు బస్సు పట్టుకుని, మెట్రో పనుల దుమ్ములో మారతహళ్ళి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. అక్కడ దిగితే హిందూపురం దాటినట్టే ఉండదు. టీ కొట్టు దగ్గరా, హాస్టల్ మెట్ల మీదా, ఆంధ్రా భోజనం బోర్డుల కిందా అంతా తెలుగే. పీజీ అని పిలిచే హాస్టళ్ళు ఆ చుట్టుపక్కల వీధివీధికీ ఉంటాయి.

భోంచేశాక తమ్ముడు ఆ మలుపు చూపించాడు. ఒకవైపు ట్రాన్స్‌ఫార్మర్, ఇంకోవైపు ఖాళీ స్థలం ప్రహరీగోడ. మలుపులో ఎవరి గుమ్మమూ ఎదురుగా లేదు. మా బడి గోడ కూడా అంతే కదా అని అక్కడే అనుకున్నాను. కుప్ప మోకాలెత్తున ఉంది. గోడకి దేవుళ్ళ బొమ్మలున్న పలకలు అంటించారు. వెంకటేశ్వరస్వామి, మేరీమాత, మక్కా మసీదు, ముగ్గురి కిందా చెత్తే. ఆ పలకలు అంటించడం నాకు మొదటినుంచీ నచ్చదు. మనుషులు చేయాల్సిన పని దేవుళ్ళకి అప్పగించడం అది.

తమ్ముడి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. రెండు వారాలుగా వంతులవారీగా అక్కడ నిలబడి ఎవరు ఏ వేళకి ఏం వేస్తున్నారో రాసుకున్నారు. ఎవర్నీ ఆపలేదు, ఎవరితోనూ గొడవపడలేదు. ఈ పద్ధతి 'ది అగ్లీ ఇండియన్' వాళ్ళ దగ్గర నేర్చుకున్నామన్నాడు. 2010లో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో మొదలైన బృందం అది. పేర్లు చెప్పరు, ముఖాలు చూపించరు. "కామ్ చాలూ, మూహ్ బంద్" అన్నది వాళ్ళ మాట. అంటే పని మొదలుపెట్టు, నోరు మూసుకో అని. ఊరంతా బాగుచేస్తామని వాళ్ళు బయల్దేరలేదు. ఒక మలుపు, ఒక గోడ, ఒక కాలిబాట ముక్క తీసుకుని అది మళ్ళీ పాడవకుండా చూడటమే వాళ్ళ పని. దాన్ని స్పాట్‌ఫిక్స్ అంటారు. ఆ తర్వాత వైట్‌ఫీల్డ్ రైజింగ్ లాంటి పేట బృందాలు కూడా పుట్టి ఎవరి చుట్టుపక్కల వాళ్ళు చేసుకుంటున్నారు.

శనివారం ఏడింటికి మేం ఇరవై రెండు మందిమి చేరాం. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఇద్దరు రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, ఒక కిరాణా కొట్టాయన, తల్లుల వెంట వచ్చిన ఐదుగురు చిన్నపిల్లలు. మనిషికి ఐదొందలు వేసుకుని చేతి తొడుగులు, మాస్కులు, పారలు, బాండ్లీలు, రంగు డబ్బాలు కొన్నారు. ట్రాక్టరు ఒకటి మాట్లాడారు.

నేను ఉత్సాహంగా ముందుకెళ్ళి పైనున్న సంచి ఒకటి పట్టుకుని లాగాను. అది అడుగున పిగిలి పులిసిన సాంబారన్నం నా ప్యాంటు మీదంతా కారింది. వెనకనుంచి తెలుగులో ఒక గొంతు వినబడింది.

"పైనించి పీకితే అంతే సార్. అడుగున పార దోపి దొర్లించల్ల."

వెనక్కి తిరిగితే ఆ వీధి ఊడ్చే పౌరకార్మికురాలు. అక్కడ పారిశుధ్య కార్మికుల్ని పౌరకార్మికులంటారు. యాభై ఏళ్ళుంటాయేమో, చీర మీద మగవాళ్ళ చొక్కా, నెత్తికి గుడ్డ, చేతిలో పొడుగు పొరక.

"యాడ మీది?" అని అడిగింది.

"హిందూపురం అక్కా."

"అట్లయితే మావోళ్ళే. మాది మడకశిర కాడ."

బెంగళూరు వీధులూడ్చేవాళ్ళలో తెలుగు మాట్లాడే దళిత ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అనంతపురం, చిత్తూరు, కోలారు వైపుల నుంచి తరాల కిందట వలసవచ్చిన కుటుంబాలు వాళ్ళవి. ఇన్నేళ్ళు ఆ ఊరికి వెళ్ళొస్తూ, రోడ్డు పక్కన పొరక పట్టుకున్న మనిషి మా భాష మాట్లాడుతుందని నేను తెలుసుకోలేదు. ఏ ఒక్కరితోనైనా రెండు మాటలు మాట్లాడి ఉంటే తెలిసేది. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

తమ్ముడు నోటుపుస్తకం తీసి అక్కకి చదివి వినిపించాడు. రాత్రి పదకొండు తర్వాత బండ్ల మీద వచ్చేవాళ్ళు పదిమంది, కొబ్బరిబొండాల బండి ఒకటి, రెండు పీజీలు. అక్క తలూపింది. తర్వాత ఆ పుస్తకంలో లేని మాటొకటి చెప్పింది.

"అదంతా నిజమే నాయనా. కానీ ముందు వచ్చింది చెత్త గాదు. నాలుగేండ్ల కింద ఎవురో ఇల్లు పడగొట్టి ఇటికె ముక్కలు, మన్ను తెచ్చి రాత్రికి రాత్రి ఈడ పోసినారు. చెత్త ఆటోవోళ్ళు మన్ను ఎత్తరు, అది వాళ్ళ పని గాదు. నేను దినామూ పైన చెత్త తీస్తా. మన్ను యాడికి పోతాది? ఆ దిబ్బ ఉన్నన్నాళ్ళు ఇది చెత్తేసే చోటే అనుకుంటారు జనం."

రెండు వారాలు కాపలా కాసిన చదువుకున్న పిల్లలెవరికీ తట్టని సంగతి అది. పీజీల గురించీ చెప్పింది. చెత్త ఆటో ఆరున్నరకి వస్తుంది, వంట కుర్రాడు అర్ధరాత్రి దాకా పనిచేసి ఏడున్నరకి లేస్తాడు. బకెట్టు ఆటోకి అందదు. మధ్యాహ్నానికి వాసనొస్తుంది, రాత్రికి మలుపులోకి చేరుతుంది. "వాడు చెడ్డోడు గాదు. ఎనిమిదికి ఆటో పైవీధి నుంచి తిరిగొస్తాది. అప్పుడు ఇయ్యమంటే ఇస్తాడు. ఎవురూ చెప్పలా." ఇద్దరు పిల్లలు అప్పటికప్పుడే ఆ రెండు పీజీలకీ వెళ్ళి మాట్లాడొచ్చారు.

ఆ తర్వాత అక్క చెప్పినట్టే నడిచాం. అంచునుంచి పార దోపి దొర్లిస్తూ పోతే కుప్ప పొరలు పొరలుగా విడివడింది. పైన ఆ వారం బిర్యానీ డబ్బాలు, వాటి కింద అణిగి అట్టల్లా అంటుకుపోయిన పాల కవర్లు, ఇంకా కింద రంగు పోయిన పసిబిడ్డ మేజోడు ఒకటి. బొండాల్లో నిలిచిన నీళ్ళలో దోమపిల్లలు తోకలాడిస్తున్నాయి. అన్నిటికంటే అడుగున ఎర్రమన్ను, ఇటుక ముక్కలు. అక్క చెప్పిన దిబ్బ అదే.

ఒక కవరు పక్కకి పెట్టించి అక్క తన బొటనవేలు చూపించింది. గోరు సగం లేదు, పక్కన తెల్లటి మచ్చ. పగిలిన గాజుగ్లాసు ఎవరో అన్నం కవర్లో కట్టి వేశారట. ఆడవాళ్ళ ప్యాడ్లు, సూదులు కాగితంలో చుట్టి ఎర్రగా గుర్తు పెట్టమని ఇంటింటికీ చెబుతున్నా వినేవాళ్ళు తక్కువేనంది. వింటున్న పిల్లలు తలలు దించుకున్నారు, నేనూ దించుకున్నాను. మా ఇంట్లో పగిలిన సీసా ఎలా పారేస్తామో అప్పుడు గుర్తొచ్చింది.

తీసిందంతా మూడు కుప్పలు చేశాం. తడిది, పొడిది, దేనికీ పనికిరానిది. ఇది వృథా శ్రమ అనిపించవచ్చు. బెంగళూరు చెత్త కథ తెలిసినవాళ్ళకి అలా అనిపించదు. ఊరి చెత్తలో చాలా భాగం మావళ్ళిపుర అనే పల్లె పక్కన పోసేవాళ్ళు. నీళ్ళు, గాలి పాడై అక్కడివాళ్ళు ఎదురుతిరిగితే 2012లో అది ఆగింది. నగరంలో వీధుల నిండా చెత్త నిలిచిపోయింది. తర్వాత భారం ఎక్కువగా మండూరు అనే ఇంకో పల్లె మీద పడింది, 2014లో ఆ ఊరివాళ్ళూ రోడ్డెక్కారు. 2015 చివర్లో ప్రతి ఇల్లూ రెండు బకెట్లు, ఒక సంచి పెట్టి చెత్త వేరుచేసి ఇవ్వాల్సిందేనని కర్ణాటక హైకోర్టు చెప్పింది. మా మలుపు శుభ్రమై ఆ చెత్త ఇంకో పల్లె బావి పక్కన పడితే ఏం బాగుచేసినట్టు? అందుకే పొడిదంతా పొడిచెత్త కేంద్రానికి పంపాం. మన్ను ట్రాక్టర్లో రెండు ట్రిప్పులు పోయింది.

మిగతా పని తేలిగ్గానే అయిపోయింది. కాలువ మీద విరిగిన బండ మార్చాం, నేల చదును చేశాం, గోడ గీకి రంగు వేశాం. కింద మూడడుగులు ఇటుక రంగు, పైన మీగడ రంగు, దాని మీద చిన్నపిల్లలు టేపు అంటించి తెల్లటి త్రికోణాలు దిద్దారు. కింద ఎర్రరంగు ఎందుకంటే పాన్ ఉమ్మి మరకలు కనబడకుండా అని తమ్ముడన్నాడు. మరక కనబడితే దాని మీదే ఇంకొకడు ఉమ్ముతాడట. మా అవ్వ పండక్కి గోడ కింద జాజు పట్టీ తీసేది. వాన చినుకులకి లేచే బురద కనబడకూడదని. అదీ ఇదీ ఒకటే తెలివి.

మొక్కల కుండీలు ఎక్కడ పెట్టాలో చర్చ జరుగుతుంటే తమ్ముడు అక్కని అడిగాడు, నీకేం కావాలక్కా అని. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"నాకు రంగులేం వద్దు నాయనా. ఆరింటికి వచ్చి మధ్యాన్నం దాకా నిలబడే ఉంటా. యాడన్నా కూచుంటే గేటు కాడ కూచోవద్దంటారు. ఈడ ఒక బండ ఏస్తే చాలు."

కుండీల డబ్బులతో గ్రానైట్ బండ ఒకటి తెప్పించి, ఇటుకల దిమ్మె మీద పరిచారు. కుండీలు రెండే వచ్చాయి. ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది. పదకొండింటికి పని ముగిశాక, బండ కింది సిమెంటు ఆరకముందే అక్క ముగ్గుపిండి తెప్పించుకుని ఊడ్చిన నేల మీద చుక్కలు పెట్టింది. బెంగళూరులో చెత్త పడే చోట్ల ముగ్గు వేయడం ఇప్పుడు చాలా పేటల్లో చేస్తున్నారు. దేవుడి పలకకి లేని బలం ముగ్గుకి ఎందుకుందంటే, ఈ పొద్దున ఒక మనిషి ఇక్కడ వంగి నిలబడిందని అది చెబుతుంది.

ఆ రాత్రి పదకొండున్నరకి మళ్ళీ వెళ్ళి చూశాం. ఒక స్కూటరాయన సంచితో వచ్చి, బండి ఆపి, గోడని చూశాడు. కాసేపు అలాగే ఉండి సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినాయన మాత్రం ముగ్గు మీదే వేసి పోయాడు. తమ్ముడు ఏమీ అనలేదు. తొడుగు వేసుకుని తీశాడు. మొదటి మూడు నెలలూ ఇలా పొద్దునా రాత్రీ తీస్తూనే ఉండాలట.

హిందూపురం వచ్చాక నేను పిల్లలతో ఐదోసారి కుప్ప ఎత్తించలేదు. మా మునిసిపాలిటీలో ఆ వీధి ఊడ్చే ఆమెని బడికి పిలిచి, కుర్చీ వేసి, టీ ఇచ్చి అడిగాను. ఆమె గంటసేపు చెప్పింది. ఆరో తరగతి పిల్లలు రాసుకున్నారు. అది ఇంకా నడుస్తున్న పని.

ఉగాది దాటిన తర్వాత మళ్ళీ బెంగళూరు వెళ్ళాను. పొద్దున ఎనిమిదింటికి మలుపు దగ్గరికి నడిచాను. రెండు కుండీల్లో ఒకటి పోయింది. గోడ బాగానే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ కింద రెండు కవర్లు కనబడ్డాయి. అక్క బండ మీద కూర్చుని టీ తాగుతోంది, పొరక గోడకి ఆనించి ఉంది.

"నిన్న మూడు, ఈపొద్దు రెండు," అంది కవర్లు చూపించి.

పీజీ కుర్రాడు రెండు బకెట్లు మోసుకుంటూ వచ్చాడు. నిద్రమొహం, భుజాన తువ్వాలు. అక్క టీ గ్లాసు పక్కన పెట్టి, తడి బకెట్లోకి చెయ్యి పెట్టి పాల కవరొకటి బయటికి తీసింది. వాడి ముఖం ముందు ఆడించి కన్నడంలో ఏదో తిట్టింది. వాడు నవ్వుతూ అందుకుని పొడి బకెట్లో వేశాడు. ఆటో ఇంకా రాలేదు. అక్క కాస్త పక్కకి జరిగింది.

"కూచోండి సార్, ఏంటికి నిలబడుకోనుండారు?"