హ్యాండ్‌బాల్ ఆడే మన ఆడపిల్లల మోకాళ్ల గురించి

ఇయ్యాల హనుమకొండ గ్రౌండ్‌లో ఆడపిల్లల ప్రాక్టీస్ చూసినంక ఇది రాయాలనిపించింది. జంప్ షాట్‌కు (ఎగిరి గోల్‌కు బంతి విసురుడు) కుడిచేతోళ్లు ఎడమ కాలు మీద ఎగరాలె, గోల్ ముందటి 6 మీటర్ల గీత తొక్కకుండ గాల్లోనే బంతి వదలాలె. అసలు కష్టం దిగేటప్పుడే. మోకాలు లోపలికి ఒరిగితే ఏసీఎల్ లిగమెంట్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే నరం లాంటి పట్టీ) తెగొచ్చు. అమ్మాయిలకు ఈ ప్రమాదం అబ్బాయిల కన్నా ఎక్కువ. మట్టి గ్రౌండ్‌లో కాలు జారి బతికిపోతది, ఇండోర్ కోర్టుల బూటు పట్టేసి మోకాలు మెలిపడతది. ఆపరేషన్ అయితే కనీసం 9 నెలలు ఆట బంద్. ఆ ఏడు సెలక్షన్లు పోయినట్టే, పాపం. వార్మప్‌ల 15 నిమిషాలు స్క్వాట్లు, ఒంటికాలి బ్యాలెన్స్, దుంకి మెత్తగ దిగుడు తప్పక చేయించాలె. బంతి కూడా 54–56 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న ఆడోళ్ల బంతే ఇయ్యాలె; మగోళ్ల బంతి ఆ చిన్న వేళ్లకు పట్టు దొరకదు.