సాక్సు తొడుక్కున్న రోజు

ఎడమ పిరుదు దగ్గర మొదలై మడమ దాకా నరం పట్టి లాగేసే నొప్పి. దగ్గితే చాలు, పిక్కలో కరెంటు కొట్టినట్టుండేది. ఎమ్మారైలో తేలింది: నడుము చివర డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది. అప్పటికే ఏడు వారాలు గడిచాయి.

"ఆపరేషన్ చేయించుకోవచ్చు, కొన్నాళ్లు ఆగి చూడనూ వచ్చు. నిర్ణయం మీదే" అన్నారు సర్జన్. చదువుకున్నవాళ్లు మీరే తేల్చకపోతే నేనెలా తేల్చేదని ఉక్రోషం వచ్చింది. అప్పుడాయన ఓపిగ్గా నెదర్లాండ్స్ అధ్యయనం ఒకటి చెప్పారు. 2007లో అచ్చయింది. 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికాతో, అంటే నాలాగే నడుము నుంచి కాల్లోకి లాగే నరం నొప్పితో, ఉన్న 283 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారట. ఒకరికి త్వరగా ఆపరేషన్. రెండోవారికి మందులు, అవసరమైతే ఫిజియోథెరపీ, అప్పటికీ తగ్గకపోతేనే కత్తి. ఆపరేషన్ జట్టుకు కాలి నొప్పి ముందే తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. ఆగిన జట్టులో 39 శాతం మందికి ఆ ఏడాదిలోనే ఆపరేషన్ చేయాల్సి వచ్చిందని కూడా ఆయన దాచకుండా చెప్పారు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది. నేను ఆగుతానన్నాను.

"మూత్రం మీద పట్టు తప్పినా, కాలిలో బలం తగ్గుతున్నా ఒక్క రోజు కూడా ఆగొద్దు, వచ్చేయండి" అని రెండుసార్లు చెప్పి పంపారు.

ఫిజియోథెరపిస్టు ఒక కాగితం ఇచ్చింది. నొప్పి రోజువారీ పనులకు ఎంత అడ్డు పడుతోందో కొలిచే రోలాండ్ ప్రశ్నావళి, 1983 నాటిది. 24 వాక్యాలు, ఈ రోజు మీకు వర్తించేవాటికి టిక్కు పెట్టాలి. ఆ అధ్యయనంలోనూ ఇదే వాడారట. నాకు 19 టిక్కులు పడ్డాయి. అందులో ఒకటి, నొప్పివల్ల సాక్సులు తొడుక్కోవడం కష్టంగా ఉందా అని. చదవగానే గొంతు పట్టేసింది. రోజూ పొద్దున్నే మా అమ్మాయి కింద కూర్చుని నా ఎడమ కాలికి సాక్సు తొడిగేది. సిగ్గేసి ఏ డాక్టరుకూ చెప్పలేదు. ఎమ్మారై ఫిల్ములో అది కనపడదు కదా!

నొప్పి ఒక్కసారిగా పోలేదు. 19 నుంచి 14కి దిగింది, ఓ పాడు వారంలో మళ్లీ 17కి ఎక్కింది. ఆపరేషన్ తేదీ అడుగుదామని ఫోను చేతిలోకి తీసుకున్న రాత్రులున్నాయి.

అయిదో నెలలో ఒక పొద్దున మంచం అంచున కూర్చుని మోకాలు పైకి లాక్కున్నాను. సాక్సు బొటనవేలికి తగిలించి, మడమ దాటించాను. కొంచెం మెలిపడింది. అలవాటుగా వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. "నాన్నా!" అంది, అంతే.

ఆ వారం కాగితంలో నాలుగే టిక్కులు. చిటికెన వేలి దగ్గర తిమ్మిరి ఇంకా ఉంది. ఆ 24 వాక్యాల్లో దాని ఊసు లేదు. అందుకని ప్రతిసారీ కింద ఖాళీలో నేనే రాసి ఇస్తున్నాను.