కాలనీ రోడ్డుకు స్పీడ్ బ్రేకర్ వేయించే ముందు

బోడుప్పల్, నిజాంపేట, వనస్థలిపురం: హైదరాబాద్ శివార్లలో ఏ వైపు వెళ్లినా వరస ఒకటే. రెండు మెయిన్ రోడ్లను కలుపుతూ కాలనీ మధ్యలో ఒక 30 అడుగుల రోడ్డు ఉంటుంది. సిగ్నల్ దగ్గర బండ్లు బారులు తీరగానే ఫోన్‌లో మ్యాపు ఆ రోడ్డునే దగ్గరి దారిగా చూపిస్తుంది. పిల్లలు సైకిల్ తొక్కేదీ, పెద్దవాళ్లు సాయంత్రం నడిచేదీ అక్కడే. భయపడ్డ కాలనీవాళ్లు ఒక మేస్త్రిని పిలిచి అడుగు వెడల్పున సిమెంటు గట్టు పోయిస్తారు. భయం న్యాయమైనదే, గట్టు మాత్రం పనికిరాదు.

ముందు వేగం కొలవండి. రోడ్డు మీద 25 మీటర్ల దూరంలో సుద్దతో రెండు గీతలు గీయండి. మొదటి గీత నుంచి రెండో గీతకు బండి 3 సెకన్ల లోపే చేరిందంటే గంటకు 30 కిలోమీటర్లు దాటినట్టు. ఉదయం స్కూలు వేళ, సాయంత్రం ఆరింటికి వందేసి బండ్ల లెక్క రాసుకోండి. 30నే హద్దుగా పెట్టుకోవడం ఎందుకంటే, డ్రైవరుకు తేరుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుంటే పొడి రోడ్డు మీద 30లో వచ్చే కారు సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. 50లో వస్తే దాదాపు 28 మీటర్లు కావాలి. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి బంతి కోసం పిల్లాడు పరిగెత్తుకొస్తే అంత దూరం ఉండదు.

ఇక గట్టు సంగతి. ఇరుకు గట్టు మీద నెమ్మదిగా వెళ్లే స్కూటరు వెనక కూర్చున్న పెద్దావిడకు నడుము పట్టేస్తుంది. వేగంగా వచ్చే కారుకేమో ఆ కుదుపులో చాలా భాగాన్ని టైర్లూ సస్పెన్షనూ మింగేస్తాయి. అందుకే రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకంలోని హంప్ (వెడల్పాటి వంపు గట్టు) కొలత చాలా వెడల్పుగా ఉంటుంది: బండి వెళ్లే దిశలో 3.7 మీటర్లు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు. దీన్ని 25 వేగంలో ఇబ్బంది లేకుండా దాటొచ్చు. ఆపైన వేగం పెరిగేకొద్దీ కుదుపూ పెరుగుతుంది.

ఈ వంపు కంటి అంచనాతో రాదు. ప్లైవుడ్ పలకను ఆ ఆకారంలో కోయించి, దాన్ని ఆనించి చూస్తూ పోయించాలి. అంచు నుంచి 46 సెంటీమీటర్ల దగ్గర ఎత్తు 4.4, 92 దగ్గర 7.5, సరిగ్గా మధ్యలో 10 రావాలి. ఎక్కువగా చెడేది అంచు దగ్గరే. మొదట్లోనే నిటారుగా లేస్తే కారు అడుగు గీసుకుంటుంది. తారు రోడ్డయితే రెండు అంచుల్లో పాత తారు కొంచెం చెక్కి, దుమ్ము ఊడ్చి, పలచగా తారు చల్లాకే కొత్త మిశ్రమం వేయాలి. లేకపోతే మొదటి వానాకాలానికే అంచు పెచ్చులూడి గుంత పడుతుంది. సీసీ రోడ్డు నున్నగా ఉంటుంది కాబట్టి పైభాగాన్ని చిప్పింగ్ చేసి, అంటే ఉలితో చెక్కి గరుకు చేయనిదే కొత్త కాంక్రీటు పట్టదు.

వాన నీరు పోవడానికి పక్కన సందు వదులుతారు. బైకులన్నీ ఆ సందులోంచే దూరి, నడిచేవాళ్ల కాళ్ల పక్కనుంచి పోతాయి. హంప్‌ను డ్రైన్ దాకా తీసుకెళ్లి, నీటికి అడుగున పైపో, పైన జాలీయో పెట్టడం మేలు. తెలుపు నలుపు పట్టీలు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు తప్పనిసరి. రాత్రి కనిపించని హంప్ బైకు మీద వచ్చేవాడి ప్రాణానికే ముప్పు. మున్సిపాలిటీ ఇంజనీర్లు, ట్రాఫిక్ పోలీసుల అనుమతి లేకుండా ఏదీ వేయకండి.

రెండు హంప్‌ల మధ్య 100 నుంచి 120 మీటర్లు ఉంచాలి. దూరం మరీ ఎక్కువైతే మధ్యలో మళ్లీ వేగం అందుకుంటారు. ప్రతి గేటు ముందూ ఒకటి వేస్తే అంబులెన్సుకు ఆలస్యం.

నా మటుకు హంప్ కంటే మలుపు ముఖ్యం. మూల విశాలంగా గుండ్రంగా ఉంటే కారు బ్రేకు వేయకుండానే తిరుగుతుంది, దాటేవాళ్లు నడవాల్సిన దూరమూ పెరుగుతుంది. కెర్బ్ రాళ్లతో (రోడ్డు అంచున పాతే రాళ్లు) ఆ మూలను ముందుకు జరిపితే తిరిగే వేగమూ, దాటే దూరమూ రెండూ తగ్గుతాయి. చెత్త బండి, స్కూలు బస్సు తిరగగలవో లేదో ముందు ఇసుక బస్తాలు పేర్చి రెండు వారాలు చూడండి. బస్తాలు చీకట్లో కనిపించేలా మెరిసే టేపు చుట్టండి. బడి, గుడి, పార్కు ఎదురుగా అయితే జీబ్రా గీతల్నే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టడం మంచిది. వీల్‌చైర్ దిగి ఎక్కాల్సిన పని ఉండదు.

దగ్గరి దారి బండ్లను ఆపడానికి చాలామంది వన్‌వే అడుగుతారు. ఎదురు బండి భయం పోయాక వేగం పెరుగుతుంది కాబట్టి హంప్‌లు లేని వన్‌వే వద్దు. ఒక చివర తాళం వేసే, తీయగలిగే బొల్లార్డులు (పొట్టి స్తంభాలు) పెడితే కార్లు ఆగుతాయి, నడిచేవాళ్లూ సైకిళ్లూ వెళ్తారు. తాళం చెవి రాత్రీ పగలూ దొరికేచోట ఉండాలి.

పని అయిన మూడు నెలలకు అవే సుద్ద గీతల దగ్గర మళ్లీ లెక్క తీయండి. పక్క గల్లీలోనూ ముందొకసారి, తర్వాతొకసారి తీయండి. ఇక్కడ తగ్గిన బండ్లు అక్కడ కనిపిస్తే, ఆ గల్లీవాళ్లను కూడా కూర్చోబెట్టుకుని రెండు రోడ్లకూ కలిపి మళ్లీ ప్లాను గీయాలి.