75 సెంటీమీటర్ల దగ్గర ఆగిన నీరుకాకి

వరసగా మూడో ఆదివారం. విశాఖలోని ముడసర్లోవ రిజర్వాయరు నుంచి వస్తూనే టిఫిన్ కూడా చేయకుండా ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ పిట్ట మళ్లీ కనిపించింది, నీటి మీద తేలే అవే సోలార్ ప్యానెళ్ల మీద. అయినా అది పెద్ద నీరుకాకో, ఇండియన్ నీరుకాకో ఇంకా తేలలేదు!

చిన్న నీరుకాకులు ముప్పై దాకా, ఒక డార్టర్ (పాములాంటి పొడవాటి మెడ ఉన్న నీటిపిట్ట). వాటితో పేచీ లేదు.

దీని వీపు గోధుమరంగు, గొంతు నుంచి పొట్ట దాకా మాసిన తెలుపు. అంటే ఇంకా పిల్లే. పెద్ద నీరుకాకికి నిగనిగలాడే పూర్తి నలుపు రావడానికి మూడేళ్లు పడుతుంది. జత కట్టే కాలంలోనైతే తల మీద తెల్లటి సన్న ఈకలు, తొడ మీద తెల్ల మచ్చ వస్తాయి కాబట్టి దూరం నుంచే చెప్పేయొచ్చు. కానీ ఇండియన్ నీరుకాకి పిల్ల కూడా ఇలాగే మాసిన తెలుపులో ఉంటుంది. అందుకే ఈసారి రంగు వదిలేసి కొలతకి దిగాను.

ప్యానెల్ పొట్టి అంచు సుమారు మీటరు అనుకుంటే, ఫొటోలో అది 1,280 పిక్సెళ్లు. పిట్ట ముక్కు కొస నుంచి తోక కొస దాకా 960. అంటే 75 సెంటీమీటర్లు. ఇండియన్‌ది 63 దగ్గర, పెద్దది 80 నుంచి 100. సరిగ్గా రెంటికీ మధ్యలో వచ్చింది!

పిట్ట నాకు పూర్తిగా పక్కకి తిరిగి లేదు. 20 డిగ్రీలు అటు తిరిగి ఉన్నా అసలు పొడవు 80 అవుతుంది. పైగా మెడ ముడుచుకుని కూర్చుంది. అయితే ప్యానెల్ అంచు కూడా నాకు కాస్త ఏటవాలుగానే ఉంది, ఆ లెక్కన పిట్ట ఉన్నదానికన్నా పెద్దగా తేలుతుంది. ఏ తప్పు ఎంతో విడదీయలేకపోతున్నాను.

రెక్కలు ఆరబెట్టుకుంటూ తోక విప్పినప్పుడు 38 ఫ్రేములు కొట్టాను. పెద్ద నీరుకాకి తోకలో 14 ఈకలు, ఇండియన్‌కి 12. నాకు 13 లెక్కకొచ్చాయి. ఒకటి పక్క ఈక కింద దాగిందా, లేక తోక మొదట్లోని చిన్న ఈకని కలిపి లెక్కేశానా? తొమ్మిది దాటాక నీటి మీద ఎండ సెగకి అంచులన్నీ వణుకుతున్నాయి. ముక్కు మాత్రం మొదట్లో లావుగా ఉంది, దవడ దగ్గర పసుపు చర్మం వెడల్పుగా కనిపిస్తోంది. నా మనసు పెద్ద నీరుకాకి వైపే ఉంది, కానీ మనసు చెప్పిందని నేను చూసిన పిట్టల లిస్టులో రాయను.

పెద్ద లెన్సులవాళ్లు ఏమన్నా సరే, ఇలాంటి పనికి నాకు నికాన్ పీ900 కెమెరా జూమే ఇష్టం. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే, అంటే వెలుతురు రెట్టింపు చేస్తే, వీపు ఈకలు విడివిడిగా కనిపించాయి, పొట్ట మాత్రం తెల్లగా తేలిపోయింది. ఈసారి అర స్టాప్ చాలు.

వచ్చే ఆదివారం ఆరున్నరకే గట్టు మీద ఉంటాను. చిన్న నీరుకాకి పొడవు 50 సెంటీమీటర్లు. అది ఇదే వరసలో దీని పక్కన, ఇటే తిరిగి కూర్చునేదాకా కాచుకుంటాను. అప్పుడు దాని పొడవుతోనే దీన్ని పోల్చి కొలవొచ్చు, ప్యానెల్ లెక్కతో పనే ఉండదు.