ముఖం చూపించడానికి ఒక గది

నేను ముఖం కప్పుకుంటాను. కళ్లు మాత్రమే కనిపించే నఖాబ్‌తోనే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లకు రెండు అనుమానాల్లో ఏదో ఒకటి వస్తుంది. పాపం, ఇంట్లో ఎవరు బలవంతం చేశారో అని కొందరికి. కాలేజీలో ఎవరు వేధించారో అని మరికొందరికి. నేను చెప్పబోయేదాంట్లో ఈ రెండూ పెద్దగా లేవు. పరీక్ష హాలు బయట నా ముఖం ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి అన్న సంగతిని ఒక కాగితం మీదికి ఎక్కించడానికి పడ్డ తిప్పలే ఉన్నాయి.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మాది దూదేకుల కుటుంబం. తాతల కాలంలో దూది ఏకడం వృత్తి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా నాయనమ్మ జన్మలో బురఖా తొడగలేదు. చీర కొంగు తల మీదికి లాక్కుని పొలానికీ సంతకూ దర్గాకూ వెళ్లేది. డిగ్రీలో ఉండగా నేను నఖాబ్ మొదలుపెడితే "అయితే నేను చేసిన నమాజులు చెల్లలేదా ఏమిటే? ఎవరు నేర్పారు నీకు ఇదంతా?" అని నెలల తరబడి సాధించింది. నాన్నది వేరే బెంగ, ఉద్యోగం ఎవరిస్తారని. మా ఇంట్లో బలవంతం అంటూ ఏదైనా ఉంటే అది తీసేయమనే. మహిళా కాలేజీలో స్నేహితురాళ్లతో కలిసి చదివి, విని, నాకు నచ్చి వేసుకున్నాను. అది మంచిదా కాదా అని ఇక్కడ వాదించబోవడం లేదు. ముఖం కప్పుకోవడం తప్పనిసరి కాదనే మతపండితులు బోలెడుమంది ఉన్నారు, ఆ సంగతి నాకూ తెలుసు.

కర్ణాటక గొడవ వచ్చినప్పుడు నేను డిగ్రీలోనే ఉన్నాను. ఉడుపి ప్రభుత్వ బాలికల పీయూ కాలేజీలో (మన ఇంటర్ కాలేజీ లాంటిది) తలగుడ్డతో వచ్చిన అమ్మాయిలను తరగతిలోకి రానివ్వకపోవడంతో మొదలై, అది 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వ ఉత్తర్వుగా, మార్చి 15న హైకోర్టు తీర్పుగా తేలింది. హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో దారి పట్టారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టు తీర్పును సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా అది ఆ అమ్మాయి ఇష్టమని, అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆమె చదువని అన్నారు. ఇదంతా పక్క రాష్ట్రం సంగతి అనుకోవడానికి మాకు వీల్లేకపోయింది. అదే ఫిబ్రవరిలో విజయవాడలో ఒక కాలేజీ దగ్గర అమ్మాయిలను ఆపి, తర్వాత లోపలికి పంపారు. 2023 జూన్‌లో హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో పరీక్షకు వచ్చిన అమ్మాయిలు బురఖాలు తీసి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. దాని గురించి అడిగితే అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ, ఎవరికి నచ్చిన బట్టలు వాళ్లు వేసుకోవచ్చంటూనే ఆడవాళ్లు ఒంటి నిండా బట్టలు వేసుకుంటే మంచిదని హితవు చెప్పారు. మన తరఫున మాట్లాడేవాళ్లు కూడా చివరికి మన బట్టల కొలతలే తీస్తారు.

ఇక ముఖ పరదా దగ్గరికి వచ్చేసరికి తలగుడ్డ కోసం గట్టిగా మాట్లాడినవాళ్లే గొంతు తగ్గిస్తారు. ముంబయి చెంబూరు కాలేజీ కేసులో 2024 ఆగస్టు 9న సుప్రీంకోర్టు హిజాబ్, టోపీ, బ్యాడ్జీల మీద ఆ కాలేజీ పెట్టిన నిషేధాన్ని ఆపింది. బొట్టు పెట్టుకొచ్చేవాళ్లనూ ఆపుతారా అని కూడా అడిగింది. అయితే తరగతి గదిలో బురఖాకు మాత్రం ఒప్పుకోలేదు. మా వాట్సాప్ గ్రూపుల్లో మొదటి సగమే తిరిగింది. రెండో సగం విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్‌ గారి చేతికి అందింది. అక్కడికి తర్వాత వస్తాను.

మొదటి సెమిస్టర్ పరీక్షలకు సెంటరు వేరే కాలేజీలో పడింది. వరండాలో వరుస కట్టాం. ఇన్విజిలేటర్ సార్ ఫొటోలున్న షీటు పట్టుకుని, ఒక్కొక్కరి ముఖం పోల్చి లోపలికి పంపుతున్నారు. నా వంతు వచ్చింది.

"తియ్యమ్మా."

"తీస్తాను సార్. మేడమ్ ఎవరైనా ఉంటే పక్కకు వచ్చి చూపిస్తాను."

"అందరూ ఇక్కడే చూపించారు కదా, నీకేమిటి ప్రత్యేకం?"

కోపంగా కూడా అనలేదు ఆయన. నిజంగానే అర్థంకాక అడిగారు. వెనక నుంచి ఎవడో "మనం కూడా కర్ణాటక చేద్దాం సార్" అన్నాడు. కొందరు నవ్వారు. చీఫ్ సూపరింటెండెంట్‌కు కబురు వెళ్లింది. ఆ పూట డ్యూటీలో ఉన్న మేడమ్‌లు ఇద్దరూ అప్పటికే పై అంతస్తులో ప్రశ్నపత్రాలు తీసుకుని గదుల్లో ఉన్నారు, వదిలి రాకూడదు. ఆయాను పిలిపించారు గాని గుర్తింపు తేల్చే అధికారం ఆయాకు లేదన్నారు. ఈలోగా గంట కొట్టారు. చివరికి ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్ ఒకావిడ దొరికితే, పాత బల్లలు పేర్చిన గదిలోకి తీసుకెళ్లి హాల్‌టికెట్‌తో పోల్చి చూసి, చెవులు కూడా చూసి, "వెళ్లమ్మా, మంచిగా రాయి" అన్నారు. ముఖం చూడటానికి అర నిమిషం కూడా పట్టలేదు. చూసే మనిషిని వెతకడానికి పట్టిన సమయం మాత్రం నా జవాబు పత్రంలో కోత పడింది. చివరి పెద్ద ప్రశ్న సగంలో ఉండగా పేపరు లాక్కున్నారు.

ముఖం చూడటం తప్పని నేను ఏనాడూ అనలేదు. ఒకరి బదులు ఇంకొకరు రాస్తారన్న అనుమానం న్యాయమైనదే. చెవిలో బ్లూటూత్ పెట్టుకునే రోజులివి. నాకు కావలసింది మినహాయింపు కాదు, ఏర్పాటు. విమానాశ్రయంలో తెర కట్టిన చిన్న గదిలో మహిళా సిబ్బంది మమ్మల్ని తనిఖీ చేసి పంపుతారు. పోలింగ్ కేంద్రాల్లో పరదా వేసుకునే ఓటర్ల కోసం మహిళా సిబ్బందిని పెట్టే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. నాయనమ్మతో ఓటు వేయడానికి వెళ్లినప్పుడు ఆ ఏర్పాటు నా కళ్లతో చూశాను. ఒక్క పరీక్ష హాలు దగ్గరే ఇది దేశ సమస్య అయిపోతుంది.

కాలేజీలో అర్జీ ఇస్తే ప్రిన్సిపాల్ సార్ మర్యాదగానే చదివి, ఇది విశ్వవిద్యాలయం పరిధి అన్నారు. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో అడిగితే సెంటరు నిర్వహణ అంతా చీఫ్ సూపరింటెండెంట్ ఇష్టం అన్నారు. ఆ సెంటరుకు వెళ్తే పైనుంచి ఉత్తర్వు ఉంటే తప్ప మేమేం చేయగలం అన్నారు. ఎవరూ కసురుకోలేదు. అందరూ కూర్చోబెట్టి మాట్లాడి, పక్క బల్లకు పంపారు. ఒక్క సలహా మాత్రం ఎవరికైనా ఇస్తాను. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా రెండో ప్రతి మీద ఇన్‌వార్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర లేని కాగితాన్ని "మాకు అందలేదే" అని చాలా తేలిగ్గా అనేస్తారు.

దారి చూపింది మా హాస్టల్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అక్క. సమాచార హక్కు కింద అడగమంది. పది రూపాయల రుసుముతో రెండే ప్రశ్నలు పెట్టాను. పరీక్ష హాల్లోకి ముఖం కప్పుకుని రాకూడదనే నిబంధన ఉంటే దాని నకలు ఇవ్వండి. ముఖం కప్పుకునే అభ్యర్థుల గుర్తింపు ఎలా తేల్చాలో చెప్పే ఉత్తర్వు ఉంటే దాని నకలు ఇవ్వండి. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండిటికీ కలిపి ఒకే వాక్యం వచ్చింది, అటువంటి సమాచారం ఈ కార్యాలయంలో అందుబాటులో లేదని. ఆ ఒక్క వాక్యం నాకు వంద ఉపన్యాసాల కంటే ఎక్కువ పనికొచ్చింది. అంతవరకు "రూల్స్ ఒప్పుకోవు" అన్నవాళ్లందరికీ రూలే లేదని వాళ్ల ముద్రతోనే చూపించగలిగాను.

మళ్లీ అర్జీ రాశాను. ఈసారి వేరేచోట ఇలాంటిది ఎలా నడుస్తోందో జతచేశాను. నీట్ సూచనల్లో మతపరమైన, సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవాళ్లు తనిఖీ కోసం ముందుగా రావాలని ఉంటుంది. 2016లో కేరళ హైకోర్టు వైద్య ప్రవేశ పరీక్షకు హిజాబ్‌తో అనుమతిస్తూ పెట్టిన షరతు కూడా అదే, అరగంట ముందు వచ్చి మహిళా ఇన్విజిలేటర్ తనిఖీకి ఒప్పుకోవాలని. వెతుకుతుంటే నాకు వ్యతిరేకంగా ఉన్నవీ తక్కువేం దొరకలేదు. అంతకు ముందు ఏడాది, అంటే 2015లో, ఇలాంటి కోరికనే సుప్రీంకోర్టు కొట్టేసింది, ఒక్క రోజు తలగుడ్డ తీస్తే విశ్వాసం పోదని. జర్మనీలో కీల్ విశ్వవిద్యాలయం 2019లో తరగతుల్లో ముఖ పరదా కుదరదంది. నార్వే 2018లో విద్యాసంస్థల్లో ముఖం కప్పుకోవడం మీద చట్టమే తెచ్చింది. వాటిని దాచుకున్నంత మాత్రాన లేకుండా పోవు. అర్జీలో మాత్రం పెట్టలేదు, అది వాళ్ల పని.

వాళ్లు ఆ పని చేశారు కూడా. ఆగస్టులో వెళ్లేసరికి సూపరింటెండెంట్ గారు పేపరు కటింగ్ తీసి బల్ల మీద పెట్టారు. "సుప్రీంకోర్టే బురఖా వద్దంది కదమ్మా, ఇంక మేమేం చేస్తాం?" అది తరగతి గది గురించి సార్, పైగా మధ్యంతర ఉత్తర్వు, నేను అడిగేది నా గుర్తింపు చూడమని కదా అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నా వంక చూసి, "చూడమంటున్నావా, వద్దంటున్నావా?" అని అడిగారు. చూడమనే సార్ అన్నాను. అప్పటిదాకా ఆయన నా అర్జీ చదవలేదని అర్థమైంది. ఫైలు ఆ రోజే కదిలింది.

ఇదే రోజుల్లో మా ల్యాబ్‌లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఆర్గానిక్ ప్రాక్టికల్స్‌లో బర్నర్లు, ఈథర్, అసిటోన్ ఉంటాయి. సింథటిక్ గుడ్డ అంటుకుంటే కాలడమే కాదు, కరిగి చర్మానికి పట్టేస్తుంది. నఖాబ్ కొస బర్నర్ దగ్గర వేలాడితే ఏమవుతుందో కెమిస్ట్రీ చదివేదాన్ని నాకు ఎవరో చెప్పనక్కర్లేదు. మా మేడమ్ మొదటి రోజే నన్ను ఒక్కదాన్నే నిలబెట్టి చెప్పకుండా అందరికీ కలిపి చెప్పారు: జడలు ముడి వేయాలి, చున్నీలు ఏప్రాన్ లోపలికి దోపుకోవాలి, వేలాడే గుడ్డ ఏదీ ఉండకూడదు, కాళ్లకు బూట్లు ఉండాలి. కార్తీకంలో మా బ్యాచ్ అబ్బాయి ఒకడు అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా వచ్చాడు. "యాసిడ్‌కు స్వామి అనీ బీబీ అనీ తేడా తెలియదు. ఏం చేస్తారో మీరిద్దరే చూసుకోండి" అన్నారు మేడమ్. అతను గురుస్వామిని అడిగి ల్యాబ్ వరకు బూట్లు తొడుక్కున్నాడు. నేను నూలు గుడ్డతో గడ్డం కిందికి బిగించి, ఏప్రాన్‌లోకి దోపుకునేలా ఒకటి కుట్టించుకున్నాను. బర్నర్ వెలిగించే రోజు అది కూడా తీసేసి, మా అమ్మాయిల బల్ల దగ్గర గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. ఇద్దరం గొణుక్కున్నాం గాని ఇద్దరికీ కోపం రాలేదు. అదే నిబంధన నా ఒక్కదాని కోసం నోటీసు బోర్డు మీద పెట్టి ఉంటే నేను పోట్లాడేదాన్ని.

ఫైలు చివరికి పరీక్షల విభాగంలో ఒక మేడమ్ దగ్గరికి చేరింది. మతం, హక్కులు, రాజ్యాంగం ఊసెత్తకుండా ఆవిడ అడిగినవన్నీ పని ప్రశ్నలే. ప్రతి సెంటరులో ఆ పూట ఒక్క మేడమ్ అయినా ఉంటారా? ఉంటే ప్రశ్నపత్రాలు తీసుకోకముందే చూడాలి కదా, ఎంత ముందు రాగలవు? పరీక్ష మధ్యలో స్క్వాడ్ వచ్చి మళ్లీ చూపించమంటే? ఆ మూడోది నాకు తట్టలేదు. తనిఖీ చేసిన మేడమ్ హాల్‌టికెట్ వెనక సంతకం చేసి సమయం వేయాలని, అనుమానం వస్తే మళ్లీ మహిళా సిబ్బందే చూడాలని ఆవిడే రాశారు. ముసాయిదాలో మొదట "ముస్లిం విద్యార్థినులు" అని ఉంది. "ముఖం కప్పుకుని వచ్చే అభ్యర్థినులు" అని మార్చమని అడిగాను. కాలిన గాయాలకు కట్టు కట్టుకున్నవాళ్లుంటారు, దుమ్ము పడక మాస్కు తీయలేనివాళ్లుంటారు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి కొట్టేసి రాశారు.

మూడో సెమిస్టర్‌కు ఆ సర్క్యులర్ సెంటర్లకు వెళ్లింది. అరగంట ముందు వెళ్లాను. స్టాఫ్ రూములో ఒక మేడమ్ చూసి, హాల్‌టికెట్ వెనక సంతకం చేసి పంపారు. వరండాలో సార్ ఆ సంతకం చూసి పక్కకు జరిగారు. వరుసలో ఎవరూ నా వంక చూడను కూడా లేదు.

తరగతి సంగతి మాత్రం ఇంత శుభ్రంగా తేలలేదు. సెమినార్‌లో నా మాట వినపడటం లేదని ఒక సార్ అన్నారు. అది నిజమే, గుడ్డ వెనక నుంచి మాట మందంగా వస్తుంది. మైకు అడిగి తీసుకున్నాను. ముఖం చూడకుండా పాఠం చెప్పడం గోడకు చెప్పినట్టు ఉంటుందని ఇంకో సార్ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ముందు వరుసలో కూర్చుని ప్రశ్నలు అడుగుతూ పోయాను, అంతే.

చివరి సెమిస్టర్‌లో మా డిపార్ట్‌మెంట్ ముఖం చూసి హాజరు వేసే యాప్ తెచ్చింది. సార్ ఫోను ఎత్తి బెంచీల మీదుగా తిప్పుతారు, అందరి పేర్లూ ఆకుపచ్చగా వెలుగుతాయి, నాది తప్ప. నా హాజరు పాత రిజిస్టరులో పెన్నుతో వేసి, నెలాఖరున క్లర్కు కంప్యూటర్లో ఎక్కించేవారు. ఒక నెల ఆయన సెలవులో ఉంటే నాకు సున్నా పడింది. హాజరు 75 శాతం దాటకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుంది. మళ్లీ అర్జీ రాశాను, పాత సర్క్యులర్ జతచేసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని.