లారీ మీద జనరేటర్, రాత్రి ఆగిపోతుంటే కారణం ఎలా పట్టుకున్నానంటే

లాంగ్ రూట్‌లో రాత్రి నిద్ర సరిగా లేకపోతే మర్నాడు స్టీరింగ్ పట్టుకోవడం ఎంత ప్రమాదమో డ్రైవర్లకి వేరే చెప్పక్కర్లేదు, ఆ నిద్ర కోసమే క్యాబిన్ వెనక చాసిస్ మీద చిన్న డీజిల్ జనరేటర్ పెట్టించుకున్నా. అంతకుముందు ఏసీ కోసం రాత్రంతా మెయిన్ ఇంజన్ ఐడిల్‌లో ఉంచేవాణ్ణి, అంత పెద్ద ఇంజన్ ఊరికే తిరిగినా గంటకి సుమారు 3 లీటర్లు తాగుతుంది, ఈ చిన్నది లీటరుకి అటూ ఇటూగా సరిపెట్టుకుంటుంది. 8 గంటలు పడుకుంటే ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి.

కొన్ని నెలలు ఏ గొడవా లేదు. ఒక రాత్రి స్టార్ట్ చేశాక పావుగంట బానే నడిచి ఉన్నట్టుండి సౌండ్ మారింది, ఇంజన్ ఎత్తుకుంటూ దిగుతూ ఊగుతోంది, క్యాబిన్‌లో లైటు కూడా దాంతో పాటే తగ్గుతూ పెరుగుతూ ఉంది, చూస్తుండగానే ఆగిపోయింది. బండి కాస్త వాలులో ఉంది కదా, ఆయిల్ ఒక పక్కకి చేరి సెన్సర్ ఆపేసిందేమో అనుకున్నా, చదునుగా ఉన్నచోటికి తెచ్చి డిప్‌స్టిక్ తీసి చూస్తే లెవల్ సరిగ్గానే ఉంది, మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే వరస. సరే డీజిల్ ఫిల్టర్ అనుకుని మార్చా, పాతదాని అడుగున కొంచెం నీళ్ళు కూడా ఉన్నాయి, పైపులో చేరిన గాలి బయటికి వదిలే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి నురుగు పోయి డీజిల్ శుభ్రంగా వచ్చేదాకా చేతి పంపు కొట్టి బిగించా, ఆ రాత్రంతా చక్కగా నడిచింది. పని అయిపోయిందనుకున్నా. మర్నాడు రోజంతా బండి నడిపి రాత్రి ఆపి స్టార్ట్ చేస్తే పావుగంటకి మళ్ళీ పడిపోయింది.

అప్పుడే ఒక పెద్ద మెకానిక్‌కి చూపించా. ఎక్కడా చుక్క డీజిల్ కారట్లేదు బాబాయ్ అంటే, "అది పీల్చే వైపు పైపురా, కారదు, లోపలికి గాలి లాక్కుంటుంది" అన్నాడు. ఫిల్టర్‌కి ముందు ఒక జానెడు తెల్ల పారదర్శక పైపు తాత్కాలికంగా కలిపి స్టార్ట్ చేయించాడు. టార్చ్ వేసి చూస్తే ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి ఇంజన్ వైపు పోతున్నాయి, ఫిల్టర్ పైన గాలి పోగవగానే ఇంజన్ ఊగడం మొదలయ్యేది. అక్కణ్ణుంచి టాంక్ దాకా పైపు తడుముకుంటూ పోతే ఒక బ్రాకెట్ అంచుకి రాసుకుని రబ్బరు అరిగిపోయి ఉంది, మామూలుగా చూస్తే ఏం లేదు, వంచి చూస్తే వెంట్రుకంత చీలిక నోరు తెరిచింది! కొత్త పైపు వేసి, ఆ అంచుకి రబ్బరు తొడిగి, ఇంకో రెండు చోట్ల క్లిప్పు కొట్టాం, అంతే.

నాకు అప్పుడు అర్థమైంది ఏంటంటే ఇంట్లోనో షాపులోనో పెట్టిన జనరేటర్ నడిచినప్పుడే అరుగుతుంది, లారీ మీదది ఆఫ్‌లో ఉన్నా రోజంతా అదురుతూనే ఉంటుంది, జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్‌లో ఆ అరుగుదల కనపడదు. అందుకని ఆయిల్, ఫిల్టర్లు మీటర్ చూసి దాని బుక్‌లో చెప్పినట్టు మారుస్తా గానీ బోల్టులు, అదురు తగ్గడానికి జనరేటర్ కింద వేసే మౌంటింగ్ రబ్బర్లు, పైపులు, బ్యాటరీ వైర్ల బిగుతు మాత్రం టైర్లు చూసుకునేటప్పుడే రోజూ చేత్తో పట్టి చూస్తున్నా.

నడపడం కూడా మార్చుకున్నా. స్టార్ట్ చేయగానే ఏసీ వెయ్యను, కంప్రెసర్ ఎత్తుకునేటప్పుడు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, అందుకే ఓ 5 నిమిషాలు వేడెక్కనిస్తా, ఆపేటప్పుడు లోడ్ తీసేసి కాసేపు ఖాళీగా తిప్పి అప్పుడు ఆపుతా. ఒక్క ఫోన్ చార్జింగ్ కోసం గంటలు గంటలు నడపడం మానేశా, లోడ్ లేకుండా నడిస్తే డీజిల్ పూర్తిగా కాలక సైలెన్సర్ మూతి దగ్గర నల్లగా జిడ్డు పడుతుంది.

పొగ సంగతి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాడికి తెలిసే అవకాశమే లేదు. వైర్ల కోసం క్యాబిన్‌కి కొట్టిన రంధ్రాలన్నీ సీల్ చేయించా, సైలెన్సర్ మూతి క్యాబిన్‌కి దూరంగా తిప్పించా, పడక పక్కన ఆ వాయువుని పసిగట్టే అలారం పెట్టా, పడుకునే ముందు దాని టెస్ట్ బటన్ నొక్కి కుయ్యిమన్నాకే పడుకుంటా. పెట్రోల్‌ది చిన్న జనరేటర్ వాడే తమ్ముళ్ళు దాన్ని కిటికీ కింద అస్సలు పెట్టొద్దు, క్యాబిన్‌లో అయితే అసలే వద్దు.

ఆ తెల్ల పైపు ముక్క వేడికి గట్టిపడుతుందని తీసేసి టూల్ బాక్స్‌లో దాచుకున్నా. నిన్న చూస్తే ఒక మౌంటింగ్ రబ్బరు అంచున పగులు మొదలైంది, ఈ లోడ్ దింపగానే ముందు దాని పని చూడాలి.